నాలుకకు నరం ఉన్నది

మాట మీద నిలబడని మనిషిని చూసి మన పెద్దవాళ్ళు "నరం లేని నాలుక, ఎటైనా తిరుగుతుంది" అనేవారు. నీతి చెప్పడానికి ఆ మాట బాగానే పనికివచ్చింది. శరీరశాస్త్రం ప్రకారం చూస్తే మాత్రం అది తలకిందులు. నాలుకకు నరం ఉన్నది. ఎడమ సగానికి ఒకటి, కుడి సగానికి ఒకటి. వాటిలో ఒకటి చచ్చుబడితే నాలుక ఎటైనా తిరగదు సరికదా, బయటికి చాపినప్పుడల్లా ఒకే పక్కకు ఒరిగిపోతుంది. ఎటు ఒరిగిందో చూసి జబ్బు ఎక్కడున్నదో వైద్యుడు ఊహిస్తాడు. ఇంత చిన్న పరీక్ష వెనక రెండువేల ఏళ్ళ చరిత్ర ఉన్నది.

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద గాని, చరిత్ర మీద గాని ఒక వ్యాసం రాయమని సంపాదకవర్గంవారు అడిగారు. రెండూ కలిసివస్తాయి గనుక ఈ నరం కథను ఎంచుకున్నాను. నేను వైద్యుణ్ణి కాను. ఉన్నత పాఠశాలల్లో 33 ఏళ్ళు జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. పన్నెండు జతల కపాల నాడుల పేర్లను పిల్లల చేత వల్లె వేయించిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ పట్టికలో చిట్టచివరిది అధోజిహ్వికా నాడి. వైద్యులు హైపోగ్లాసల్ నెర్వ్ అంటారు. గ్రీకు మాటల్లో 'నాలుక కిందిది' అని దాని అర్థం. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా తప్ప దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. నాకు దాని మీద శ్రద్ధ కలిగించిన సహోపాధ్యాయుడి సంగతి కొంచెం ముందుకు వెళ్ళాక చెబుతాను.

నాలుక ఒకటి, నరాలు అనేకం

నాలుక మూడు పనులు చేస్తుంది. రుచి చూస్తుంది, తగిలినదాన్ని తెలుసుకుంటుంది, కదులుతుంది. ఈ పనులకు ప్రకృతి వేరువేరు తీగలు వేసింది. నాలుక ముందువైపు మూడింట రెండు వంతుల్లో స్పర్శ ఐదో నాడి ద్వారా, రుచి ఏడో నాడి ద్వారా తెలుస్తాయి. వెనక వంతులో ఆ రెండు పనులూ తొమ్మిదో నాడివి. కదలిక మాత్రం పన్నెండోదానిది. నాలుకకు సంబంధించి 8 జతల కండరాలుంటే 7 జతలను కదిలించేది ఇదే. అందుచేత పన్నెండో నాడి దెబ్బతిన్న మనిషికి ఉప్పు, పులుపు మామూలుగానే తెలుస్తాయి. వేడి కాఫీ చుర్రుమంటుంది. కాని అన్నం ముద్దను పళ్ళ మధ్యకు తోయడం, మింగడానికి వెనక్కి నెట్టడం, కొన్ని అక్షరాలు పలకడం కష్టమవుతాయి.

ఒరగడం ఎందుకంటే, నాలుకను ముందుకు తోసే కండరం ఎడమన ఒకటి, కుడిన ఒకటి ఉంటుంది. రెండెడ్ల బండిని తలచుకోండి. ఎడమ ఎద్దు చతికిలబడి కుడి ఎద్దు ఒక్కటే లాగితే బండి ఎడమకు తిరుగుతుంది. నాలుకా అంతే. ఎడమ నరం పోతే ఎడమకు, కుడి నరం పోతే కుడికి ఒరుగుతుంది. కొన్ని వారాలు గడిచేసరికి ఆ సగం చిక్కిపోయి ముడతలు పడుతుంది. లోపల సన్నగా అదురు కూడా కనిపించవచ్చు.

పక్షవాతం వచ్చినప్పుడు లెక్క వేరు. అప్పుడు చెడింది నరం కాదు, నరానికి ఆజ్ఞ పంపే పై మెదడు. మెదడు ఎడమభాగం కుడిపక్కను ఏలుతుంది కనుక, ఎడమ మెదడు దెబ్బతింటే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతాయి. నాలుక కూడా కుడికే ఒరుగుతుంది. నాలుక చిక్కిపోదు, అదరదు. చాలామందిలో ఆ ఒరుగు త్వరగానే సర్దుకుంటుంది. సగం చిక్కిందా, లేదా అన్న ఒక్క చూపుతో జబ్బు పైన ఉన్నదా, కింద నరంలో ఉన్నదా అని అనుభవజ్ఞుడు సుమారుగా తేల్చగలడు.

ఏడో జత పన్నెండో జత అయిన తీరు

క్రీస్తుశకం 2వ శతాబ్దంలో రోమునగరంలో పేరుపొందిన గ్రీకు వైద్యుడు గాలెన్ కపాల నాడులు 7 జతలని లెక్కకట్టాడు. ఆయన లెక్కలో ఏడోది, చివరిది నాలుకను కదిలించే నరమే. ఆయన కోసి చూసింది మనుషులను కాదు, కోతులను, పందులను, ఇతర జంతువులను. అరుస్తున్న పందికి గొంతులోని సన్నని నరాలు కోసి, అరుపు ఆగిపోవడం జనానికి చూపించిన ఘనుడు ఆయనే. గొంతుకు, నాలుకకు వేరువేరు నరాలున్నాయని ఆనాడే గ్రహించాడన్నమాట.

మన దేశంలో వాగ్భటుడు అష్టాంగహృదయంలో వాతవ్యాధులు చెబుతూ జిహ్వాస్తంభం అనే జబ్బును పేర్కొన్నాడు. వాతం మాటకు సంబంధించిన నాళాల్లో చేరి నాలుకను బిగబట్టేస్తుందని, దానివల్ల తినడం, తాగడం, మాట్లాడడం మూడూ రోగి స్వాధీనం తప్పుతాయని ఆయన భావం. కోసి చూసిన శాస్త్రం కాకపోయినా లక్షణాలను గమనించిన చూపు చక్కనిది. ఆ మూడు పనులనూ ఒకచోట చేర్చి చెప్పడంలోనే ఆ చూపు తెలుస్తుంది.

గాలెన్ లెక్క 1300 ఏళ్ళకు పైగా చెల్లుబాటైంది. 1543లో వెసాలియస్ మానవ శరీర నిర్మాణం మీద గొప్ప గ్రంథం అచ్చువేసి గాలెన్ తప్పులెన్నో దిద్దాడు. అయినా కపాల నాడులు 7 జతలన్న లెక్కను మాత్రం కదపలేదు. 1664లో ఇంగ్లండులో థామస్ విలిస్ మెదడు మీద పుస్తకం తెచ్చాడు. దానికి బొమ్మలు వేసినవారిలో క్రిస్టఫర్ రెన్ ఒకరు. తరువాత లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి కట్టిన శిల్పి ఆయనే. విలిస్ లెక్కలో నాలుక నరం తొమ్మిదోది. 19వ శతాబ్దపు ఇంగ్లీషు వైద్య పుస్తకాల్లో కూడా దాన్ని తొమ్మిదో నరమనే రాసినవారున్నారు.

హైపోగ్లాసల్ అన్న పేరు 18వ శతాబ్దంలో పారిస్‌లో స్థిరపడిన విన్‌స్లో అనే శరీరశాస్త్రజ్ఞుడి నుంచి వచ్చింది. పేరు వచ్చినా గందరగోళం పోలేదు. కొందరు దాన్ని రుచి నరమన్నారు. 1778లో జర్మనీలోని గోటింగెన్‌లో సోమరింగ్ అనే 23 ఏళ్ళ విద్యార్థి తన పట్టా వ్యాసంలో కపాల నాడులను 12 జతలుగా విడదీసి వరస పెట్టాడు. మనం పిల్లల చేత వల్లె వేయించినది ఆ కుర్రవాడి పట్టికనే.

వరస కుదిరింది గాని, ఏ నరం ఏ పని చేస్తుందన్నది 19వ శతాబ్దంలో గాని తేలలేదు. 1811లో చార్లెస్ బెల్ స్నేహితులకు పంచిన చిన్న పుస్తకంలోను, 1822లో మజాందీ జంతువుల మీద చేసిన ప్రయోగాల్లోను ఒక సత్యం బయటపడింది. కదలికకు, తెలివిడికి నరాల దారులు వేరు. ఈ సూత్రం దొరికాకే, నాలుకకు అన్ని నరాలెందుకన్న ప్రశ్నకు సమాధానం నిలబడింది.

పారిస్‌లో రెండు సంవత్సరాలు

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యమని తోచే ఘట్టం 1860, 1861 సంవత్సరాల్లో పారిస్‌లో జరిగింది.

డ్యూషేన్ అనే వైద్యుడు ఆసుపత్రుల్లో పెద్ద పదవి ఏదీ లేకుండానే విద్యుత్తు యంత్రం ఒకటి చేతపట్టుకుని వార్డులు తిరుగుతూ రోగుల కండరాలను పరీక్షించేవాడు. 1860లో ఆయన నాలుక, అంగిలి, పెదవులు క్రమంగా చచ్చుబడే జబ్బును వర్ణించాడు. ఆ రోగులకు మాట ముద్దగా వచ్చి, చివరికి రానే రాదు. చొంగ కారుతుంది. మెతుకు మింగుడుపడదు. అయినా బుద్ధి చెక్కుచెదరదు, చెప్పదలచుకున్నది లోపల సిద్ధంగానే ఉంటుంది.

మరుసటి సంవత్సరం అదే నగరంలో పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడి దగ్గరకు లెబోర్న్ అనే రోగి వచ్చాడు. అతనికి 51 ఏళ్ళు. 21 ఏళ్ళుగా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఏమడిగినా "టాన్, టాన్" అనడం తప్ప మరో మాట వచ్చేది కాదు. బ్రోకా చేసిన పరీక్షల్లో నాలుక పరీక్ష ఒకటి. నాలుక ఒరగడం లేదు, అన్ని పక్కలకూ హాయిగా కదులుతున్నది. అంటే లోపం నాలుకలో లేదు. అతడు చనిపోయాక మెదడు తీసి చూస్తే ఎడమభాగం ముందువైపు దెబ్బతిని ఉన్నది. మాటను కూర్చే చోటు మెదడులో ఉన్నదని అలా తెలిసింది.

మాట ఉండి నాలుక లేనివారు డ్యూషేన్ రోగులు. నాలుక ఉండి మాట లేనివాడు బ్రోకా రోగి. పక్కనుంచి వినేవాడికి ఇద్దరూ ఒక్కలాగే మాట్లాడలేనివారు. వాళ్ళ మధ్య తేడా చెప్పింది నాలుకను కదిలించి చూసిన ఆ పరీక్షే. మాట తడబడినంత మాత్రాన మనిషికి మతి తడబడిందని అనుకోరాదన్న పాఠం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

పంతులుగారి మూర్ధన్యాలు

1988లో నేను పనిచేస్తున్న పాఠశాలలో తెలుగు పండితులు ఒకరుండేవారు. పద్యం ఎత్తుకుంటే పక్క తరగతి పిల్లలు కూడా పాఠం మాని వినేవారు. అటువంటి ఆయన మాటలో ఆ ఏడాది దసరా సెలవుల తరువాత ఏదో తేడా వచ్చింది. పద్యం మధ్యలో ముద్దగా పలికి, ఆగి, మళ్ళీ అనేవారు. పిల్లలు వెనక బెంచీల్లో అనుకరించడం మొదలుపెట్టారు. సాయంత్రాలు ఆయన ఎక్కడికి వెళుతున్నారో కనిపెట్టాలని ఊళ్ళో కొందరు ఆరా తీశారు. తాగి బడికి వస్తున్నారన్న మాట పుట్టింది. చివరికి పైవారు సంజాయిషీ అడిగారు. జీవితంలో కల్లు కుండ ముట్టని మనిషి ఆ కాగితం పట్టుకుని స్టాఫ్ రూములో కూర్చుండిపోయారు.

"పంతులుగారూ, అసలు ఏమవుతోందండీ?" అని అడిగాను.

"ఏమోయ్ మాస్టారూ, నాకు చిత్రంగా ఉంది. పెదవులతో పలికేవి బాగానే వస్తున్నాయి. ప, బ, మ లకు లోటు లేదు. మూర్ధన్యాలు పోతున్నాయోయ్. ట, డ, ణ అంటే నాలుక అంగిలికి చేరడం లేదు. ళ అసలు రాదు" అన్నారు.

మన వర్ణమాలను పెద్దలు కూర్చిన తీరు తలచుకోండి. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని అక్షరం పుట్టే చోటును బట్టి వర్గాలు చేశారు. ఆ వ్యాకరణం చదువుకున్న మనిషి కనుక ఆయన తన జబ్బు నాలుకలోనే ఉన్నదని వైద్యుడికన్నా ముందు చెప్పగలిగారు. పెదవులది ఏడో నాడి, నాలుకది పన్నెండోది. ఓష్ఠ్యాలు మిగిలి మూర్ధన్యాలు పోయాయంటే అర్థం అదే.

జిల్లా కేంద్రంలో ఒక పెద్ద డాక్టరుగారి దగ్గరకు నేనే వెంట వెళ్ళాను. డాక్టరుగారు ఎక్కువ ప్రశ్నలు వేయలేదు. "నాలుక చాపండి" అన్నారు. నాలుక ఎడమకు ఒరిగింది. ఎడమ సగం ఎండబెట్టిన వంకాయ ముక్కలా ముడతలు పడి ఉన్నది. ఆయన పక్కనున్న కుర్ర డాక్టర్లకు చూపించి, "తాగినవాడి నాలుక తడబడుతుంది గాని సగం ఎండిపోదు" అన్నారు. ఆ మాట వినగానే పంతులుగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జబ్బున్నదని తెలిసి ఊరట పొందిన మనిషిని ఆ రోజే చూశాను.

స్కానింగు కోసం పెద్ద నగరానికి పంపారు. పుర్రె అడుగున నరం బయటికి వచ్చే చోట గడ్డ ఉన్నదని తేలింది. అదృష్టవశాత్తు కాన్సరు జాతిది కాదు. ఆపరేషను చేశారు. ఎడమ నరం మళ్ళీ రాలేదు. కాని కుడి సగం క్రమంగా రెండు పనులూ నేర్చుకున్నది. ఆయన నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం ఒత్తి పలుకుతూ ఉద్యోగ విరమణ దాకా పాఠం చెప్పారు. సంజాయిషీ కాగితం వెనక్కి తీసుకున్నారు. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఎద్దు కొమ్ము, తుపాకి గుండు

పంతులుగారి గడ్డ పుర్రె అడుగున ఎందుకు చిక్కు తెచ్చిందో తెలియాలంటే ఈ నరం నడిచే దారి తెలియాలి. మెదడు వెన్నుపాముతో కలిసే చోట, అంటే మజ్జాముఖంలో ఇది పుడుతుంది. పుర్రె వెనక ఎముకలో తనకంటూ ఉన్న చిన్న సొరంగం గుండా బయటికి వస్తుంది. మెడలో మెదడుకు రక్తం తీసుకుపోయే పెద్ద ధమని పక్కనుంచి దిగి, దవడ కింద మలుపు తిరిగి నాలుకలోకి వెళుతుంది. పుర్రె అడుగున తొమ్మిది, పది, పదకొండు నాడులు దీనికి ఇరుగుపొరుగు. ఒక ఇంటికి నిప్పంటుకుంటే పక్క ఇళ్ళకూ పాకినట్టు, అక్కడ వచ్చే జబ్బు ఒక్క నరంతో ఆగకపోవచ్చు.

ఈ ఇరుగుపొరుగుల సంగతి గాయాల వల్లనే బాగా తెలిసింది. 1904లో స్పెయిన్ దేశపు వైద్యుడు గార్సియా తాపియా ఎద్దులతో పోరాడే యోధుణ్ణి ఒకణ్ణి పరీక్షించాడు. దవడ వెనక కొమ్ము దిగి, నాలుక సగం, ఆ పక్క స్వరతంత్రి చచ్చుబడ్డాయి. పదో నాడి, పన్నెండో నాడి కలిసి దెబ్బతిన్న ఆ లక్షణాలకు తాపియా పేరే మిగిలింది. మొదటి ప్రపంచయుద్ధంలో మెడలో గుండు దిగిన సైనికులు ఫ్రాన్సు ఆసుపత్రులకు వచ్చారు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగు నాడులూ ఒకేసారి పోయిన స్థితిని 1915లో కోలే, 1917లో సికార్ వివరించారు. నేటికీ వైద్యులు దాన్ని వారిద్దరి జంటపేరుతోనే పిలుస్తారు.

తరువాతి కాలంలో కారణాలను వరసపెట్టినవారిలో అమెరికా నరాల వైద్యుడు జేమ్స్ కీన్ ముఖ్యుడు. పన్నెండో నాడి చెడిన 100 మంది రోగుల వివరాలను ఆయన 1996లో ప్రకటించాడు. సుమారు సగం మందిలో కారణం గడ్డలు, వాటిలో ఎక్కువభాగం ప్రమాదకరమైనవి. మిగిలినవారిలో గాయాలు, పక్షవాతం, ఆపరేషన్లు, అంటురోగాలు వంటివి ఉన్నాయి. పెద్ద ఆసుపత్రికి వచ్చినవారి లెక్క గనుక అందరికీ అదే పాళ్ళలో వర్తిస్తుందని అనుకోనక్కరలేదు. కాని నాలుక ఒరిగితే "వయసు మీద పడింది" అని ఊరుకోరాదని చెప్పడానికి ఆ లెక్క చాలు. మెడలో ధమని ఆపరేషను తరువాత నరం నలిగి కొన్ని నెలల్లో కోలుకునేవారూ ఉన్నారు, కనుక ప్రతి ఒరుగుకూ హడలిపోనక్కర కూడా లేదు.

అరువిచ్చిన నరం

ఈ నరం ఇతరులకు సాయపడిన కథ కూడా ఉన్నది. 1901లో బెర్లిన్‌లో కోర్టె అనే శస్త్రవైద్యుడు ముఖం ఒక పక్క చచ్చుబడిన రోగికి నాలుక నరాన్ని ముఖపు నరానికి కలిపి కుట్టాడు. ఇటువంటి ఆపరేషను చేయించుకున్నవారు నాలుకను పళ్ళకు ఒత్తితే ముఖం కదులుతుంది. అభ్యాసం చేసి అలా నవ్వడం నేర్చుకుంటారు. నాలుక సగం ఇచ్చి నవ్వు కొనుక్కోవడమన్నమాట. నరాన్ని పూర్తిగా తెంపకుండా కొంత భాగమే వాడుకునే పద్ధతులు తరువాత వచ్చాయి.

నిద్రలో నాలుక వెనక్కి జారి ఊపిరి ఆగేవారికి ఈ నరాన్ని సన్నని విద్యుత్తుతో తట్టి నాలుకను ముందుకు జరిపే పరికరం ఒకటి ఉన్నది. గుండెకు పెట్టే పేస్‌మేకర్ మాదిరిగా ఛాతీలో చర్మం కింద అమర్చే ఈ పరికరానికి 2014లో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. డ్యూషేన్ చేతిలోని విద్యుత్తు యంత్రానికి ఇది మునిమనవడని చెప్పవచ్చు.

నరం తిరిగి రానివారికి కూడా మాట, మింగుడు నేర్పే శిక్షణ ఉన్నది. మన దేశంలో మాట, వినికిడి లోపాల కోసం మైసూరులో 1965లోనే జాతీయ సంస్థ నెలకొన్నది. స్పీచ్ థెరపిస్టులు ఇప్పుడు మన నగరాల్లోని పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నారు. నీళ్ళు పొలమారేవారికి ఎంత చిక్కని ఆహారం పెట్టాలో, మింగేటప్పుడు తల ఎటు తిప్పాలో వారు నేర్పుతారు. ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి గాని, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపేది అవే.

మిత్రులకు మనవి

మన సంఘంలో అందరం అరవై దాటినవాళ్ళమే. అద్దం ముందు నిలబడి నాలుక చాపి చూసుకోవడానికి ఖర్చేమీ లేదు. నాలుక మొన ముందుపళ్ళ నడిమి గీతకు సూటిగా ఉండాలి. మూతి వంకరపోయిన మనిషిలో నాలుక బాగున్నా ఒరిగినట్టు కనిపిస్తుంది, అందుకే పెదవులతో కాక పళ్ళతో పోల్చి చూడమంటారు.

ఒరుగు మెల్లగా వచ్చినా, నాలుక ఒక పక్క చిక్కినా, మాట ముద్దగా మారినా, ఆ వారంలోనే వైద్యుడికి చూపించండి. మాట ఉన్నట్టుండి పడిపోయినా, మూతి, చెయ్యి, కాలు ఏది పట్టు తప్పినా ఒక్క నిమిషం ఆగకుండా 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపల పడితేనే ఫలితం. రాత్రి వచ్చింది, పొద్దున చూద్దామంటే ఆ గడువు దాటిపోతుంది.

ఇంకొక్క మాట. మన వీధిలోనో, మన సమావేశంలోనో ఎవరి మాటైనా ముద్దగా వినిపిస్తే, ఆయన మీద ఒక మాట అనేముందు కాస్త దగ్గరకు వెళ్ళి "ఏమండీ, ఒకసారి నాలుక చాపండి" అని అడగండి. పంతులుగారిని అలా అడిగినవారు ఆ బడిలో గాని, ఆ ఊళ్ళో గాని మూడు నెలల పాటు ఒక్కరూ లేకపోయారు.